కడుపు లెక్క, కచేరి లెక్క

ధరలు పెరిగినవని యనని మనుష్యుడు లోకమున నుండడు. అంగడి యరుగుమీదను, రచ్చబండ కడను, సంతలోను ప్రతిదినము వినబడు మాట యిదియే. కాని ఎంత పెరిగినవి, ఎవరికి పెరిగినవి, ఎన్నడు మొదలుకొని పెరిగినవి అని యడిగినచో సమాధానము చెప్పగలవారు కొలదిమంది. బియ్యము ధర నిలుకడగా నుండి పట్టుబట్టల ధర మాత్రము పెరిగినచో కూలివానికి కలుగు నష్టము లేదు. పట్టుబట్టల ధర తగ్గి బియ్యము ధర పెరిగినచో వాని యింట పొయ్యి రాజదు. కావున జీవనవ్యయమును కొలుచుట యనగా, మొదట అది ఎవని జీవనమో తేల్చుకొనుట.

ఇది యొక లెక్క. దీనికి తోడుగా మరియొక లెక్క కలదు. రాజ్యము గాని, దేవాలయము గాని, మిల్లు గాని, సహకార సంఘము గాని, చిన్న గ్రంథాలయము గాని, ఆదాయమునకు లోబడియే వ్యయము చేయవలెను. లోబడనిచో అప్పు, అప్పు తీరనిచో నాశము. అందుచేత ఖర్చు తగ్గింపవలెనను తలంపు ప్రతి సంస్థకును ఒకనాడు కాకున్న నొకనాడు కలుగును. అప్పుడు కత్తెర ఎక్కడ పడవలెను అనునదియే చిక్కు ప్రశ్న.

మొదటిదానిని కడుపు లెక్క యనియు, రెండవదానిని కచేరి లెక్క యనియు పిలువవచ్చును. ఈ రెండును కలిసి నడచినపుడు ఏమి జరిగినదో, ఒకదానిని విడిచి రెండవది నడచినపుడు ఏమి జరిగినదో చరిత్ర చెప్పుచున్నది. దానికై దూరదేశములకు మాత్రమే పోనక్కరలేదు. ఎచ్చెర్ల చుట్టుప్రక్కలనున్న శ్రీముఖలింగ, శ్రీకూర్మ క్షేత్రముల శాసనములును, పొందూరు రాట్నములును ఈ చరిత్రలో సాక్షులే.

ప్రాచీనుల విచారణ

మహాభారతము సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి, కుశలప్రశ్నల రూపమున రాజనీతి నంతయు ఉపదేశించెను. అందు లెక్కలకు సంబంధించిన ప్రశ్నలు మూడు గమనింపదగినవి. వ్యయము ఆదాయములో పాతికతోనో, సగముతోనో, ముప్పాతికతోనో సరిపోవుచున్నదా అనునది మొదటిది. గణకులును లేఖకులును ప్రతిదినము మధ్యాహ్నమునకు ముందే ఆయవ్యయములను సరిచూచుచున్నారా అనునది రెండవది. సైన్యమునకు ఈయవలసిన బత్తెమును జీతమును కాలము మీరకుండ ఇచ్చుచున్నావా అనునది మూడవది. మొదటి రెండును కచేరి లెక్కకు చెందినవి. మూడవది కడుపు లెక్కకు చెందినది. మహర్షి మూడింటిని ఒకే వరుసలో అడిగెను. పొదుపు పేర బత్తెము నాపుట ఆయన దృష్టిలో పొదుపు కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము చాలకాలము పేరునకు మాత్రమే తెలిసియుండెను. మైసూరులో దొరకిన తాళపత్రప్రతిని ఆర్. శామశాస్త్రి గారు 1909లో అచ్చు వేయించిన పిమ్మట దాని విలువ లోకమునకు వెల్లడియైనది. అందు లెక్కల కచేరికి అక్షపటలమని పేరు. దానికొక అధ్యక్షుడు. ప్రతి సంవత్సరము ఆషాఢమాసమున అన్ని శాఖల లెక్కలును ముద్రలతో అచ్చటికి చేరవలెను. రాజధనమును హరించు విధములు నలువది యని కౌటిల్యుడు పేరుపేరున లెక్కించెను. వచ్చిన దానిని రాలేదనుట, రానిదానిని వచ్చినదనుట, ఒకని యొద్ద పుచ్చుకొని మరియొకని పేర వ్రాయుట, తూనికలలోను కొలతలలోను తేడా చేయుట మొదలైనవి అందులో చేరియున్నవి. వ్యయ నియంత్రణమునకు ఇంతకంటె ప్రాచీనమైన పాఠ్యగ్రంథము మనకు లేదనిన తప్పు కాదు.

అయితే అదే గ్రంథమున కడుపు లెక్కయు కలదు. ఒక పురుషుని యొక్క పూట భోజనమునకు ఒక ప్రస్థము బియ్యము, దానికి తగిన పప్పు, ఉప్పు, నెయ్యి లేక నూనె అని కౌటిల్యుడు కొలత కట్టెను. స్త్రీలకు అందులో పాదము తక్కువ, పిల్లలకు సగము అని చెప్పెను. రాజసేవకుల జీతములలో పెద్దది 48,000 పణములు, చిన్నది 60 పణములు. ఆ 60 పణముల జీతమునకు ఒక ఆఢకము ధాన్యమును సరిగా నెంచి, మిగిలిన జీతములకును ఆ ప్రమాణముననే బత్తెము లెక్క కట్టవచ్చునని విధించెను. పెద్ద జీతమునకును చిన్న జీతమునకును ఎనిమిదివందల రెట్లు తేడా యుండుట నేటివారికి సమ్మతము కాకపోవచ్చును. కాని నాణెమును ధాన్యముతో తూచి చూడవలెనను సూక్ష్మము అందు కలదు. పణము ఎన్ని యనునది కాదు, పణమునకు ఎంత గింజ వచ్చుననునది ముఖ్యము.

అఖండదీపము నేర్పిన పాఠము

ఈ సూక్ష్మమును మన దేశమున దేవాలయ దాతలు బాగుగా నెరిగియుండిరి. శ్రీముఖలింగము గాంగరాజుల కాలమున వర్ధిల్లిన క్షేత్రము. శ్రీకూర్మము స్తంభముల నిండ శాసనములున్న క్షేత్రము. ఈ శాసనములలో పలుమారు కనబడు దానము అఖండదీపము. రాత్రియు పగలును ఆరకుండ వెలుగు దీపమునకు నిత్యము నెయ్యి కావలెను. ఈ వ్యయము ఒక యేటితోనో పదియేండ్లతోనో తీరునది కాదు. సూర్యచంద్రులున్నంత కాలము జరుగవలెనని దాత కోరిక.

అట్టి శాశ్వతవ్యయమునకు ఎట్టి మూలధనము నీయవలెను? కొందరు మాడలు, అనగా బంగారు నాణెములు ఇచ్చిరి. ఆంధ్రదేశపు శాసనములలో మరికొందరు ఆవులనో గొర్రెలనో ఇచ్చిరి. మందను పుచ్చుకొన్న బోయవాడు తానును తన సంతతివారును నిత్యము మానెడు నేయి పోయుటకు ఒప్పుకొనెను. ఈ రెండవ పద్ధతిలో గల తెలివిని చూడవలెను. నెయ్యి ధర పెరిగినను దీపమునకు కొరత రాదు, ఏలయన దానమిచ్చినది నెయ్యి నిచ్చు మంద గాని నెయ్యి ధర కాదు. నాణెము విలువ తగ్గినను దీపము చిన్నది కాదు. మంద చావక పెంపగుటకు బాధ్యత కాపరిది. మిగిలిన పాలును, దూడలును, పిల్లలును వాని జీవనము. దీపము నిలువవలెనన్నచో కాపరి బ్రదుకవలెను. కావున దాత దీపపు ఖర్చును, కాపరి బ్రదుకును ఒక్క ఏర్పాటులోనే ముడి వేసెను.

మన పల్లెలలో గింజకూలి చిరకాలము నిలిచియుండుటకును ఇదియే కారణము. ఏటి కొప్పుకొన్న కంబారికి కుంచముల లెక్కన ధాన్యము కొలిచెడివారు. కోతకూలికి పనలు, నూర్పుకూలికి గింజలు. ఆ కూలి చాలినంత యుండెడిదని చెప్పరాదు. కుంచము ఊరూరికి మారుచుండెను, కొలిచెడి చేయి కూడ మారుచుండెను. కాని బజారున ధాన్యము ధర రెట్టింపైనపుడు గింజకూలివాని కుంచము సగము కాలేదు. రొక్కపు కూలివాని కుంచము సగమయ్యెను. గింజకూలి పోయి రొక్కపు కూలి వచ్చిన పిమ్మటనే ధరలను కొలుచుట యనునది బీదవాని ప్రాణమునకు సంబంధించిన విషయమయ్యెను.

ఒక పౌను ధాన్యము

ఉత్తర సర్కారులలో 1802లో శాశ్వత పైసలా ఏర్పడెను. జమీందారు కంపెనీకి కట్టవలసిన పేష్కషు రొక్కముగా నిర్ణయింపబడెను. నాటినుండి పల్లెటూరి ధాన్యము క్రమముగా బజారు కెక్కెను. శ్రీకాకుళము ప్రాంతము 1936లో ఒడిషా రాష్ట్ర మేర్పడువరకు గంజాం జిల్లాలో నుండెను. ఆ గంజాము 1866 కరవునకు గురియయ్యెను. అటు పదియేండ్లకు, 1876 నుండి 1878 వరకు, మద్రాసు రాజధాని నంతటిని క్రుంగదీసిన మహాక్షామము వచ్చెను. దీనినే ధాత కరవు అందురు. రాయలసీమ జిల్లాలు దీనికి ఎక్కువగా బలియయ్యెను.

కచేరి లెక్క కడుపు లెక్కను మ్రింగిన కథ ఈ కరవులోనే కలదు. కరవు పనులలో లక్షలాది జనులు చేరిరి. ఖర్చు పెరుగుచున్నదని భారత ప్రభుత్వమునకు భయము కలిగెను. సర్ రిచర్డు టెంపుల్ అను అధికారిని 1877 ఆరంభమున పరీక్షకై పంపిరి. ఈ టెంపుల్ గారే 1873–74లో బీహారు కరవున బర్మానుండి బియ్యము తెప్పించి ప్రాణములు కాపాడి, విపరీతముగా ఖర్చు చేసెనని నిందపడినవాడు. ఆ నిందను ఈసారి పోగొట్టుకొనవలెనని కాబోలు, కఠినముగా పని చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొలది చిల్లరయు చాలునని తీర్మానించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. దీనికి టెంపుల్ కూలి యని పేరు నిలిచినది.

మద్రాసు ప్రభుత్వమున ఆరోగ్యశాఖ కమిషనరుగా నుండిన డాక్టర్ కార్నిషు దీనిని బలముగా ఎదిరించెను. మట్టి మోయు మనుష్యుని శరీరము ఎంత ఆహారమును కోరునో వైద్యుడు కొలువవలెను గాని ఖజానా అధికారి కాదని ఆయన వాదముయొక్క సారము. కనీసము ఒకటిన్నర పౌను ధాన్యము, దానితో పప్పు, కూరలు కావలెనని ఆయన కోరెను. 1877లోనే మద్రాసు ప్రభుత్వము కొంత దిగివచ్చి ధాన్యమును పెంచి, పప్పును చేర్చెను. కాని అప్పటికే శిబిరములలో మరణములు పెచ్చు పెరిగియుండెను. ఆ కాలమున కరవు పనిగా త్రవ్వబడిన భాగములు గల బకింగ్‌హాం కాలువ నేటికిని తూర్పుతీరమున కనబడుచున్నది. దానిని చూచువారు నీటిని చూతురు గాని, ఆ మట్టి మోసినవారి బత్తెమును తలపరు.

టెంపుల్ గారు దొంగ కాడు. లెక్కలు తప్పు వ్రాయలేదు. ఖర్చు తగ్గింపవలెనన్న ఆజ్ఞను నెరవేర్చెను. దోషమెక్కడనగా, తగ్గింపదగిన ఖర్చును తగ్గింపరాని ఖర్చును వేరు చేయకపోవుట. కొలువక తగ్గించెను. కొలిచిన వైద్యుని మాట ఆలస్యముగా చెవి కెక్కెను. 1880 నాటి క్షామ విచారణసంఘము పిమ్మట వెలసిన క్షామ నిబంధనలలో బత్తెపు కొలతలకు ఒక స్థిరరూపము వచ్చెను. అంతమంది చచ్చిన తరువాత వచ్చిన జ్ఞానమది.

సూచిక పుట్టుక

జీవనవ్యయమును గణితశాస్త్రమున కొలుచు పద్ధతి యూరోపున రూపొందెను. జర్మను పండితుడు లాస్పైర్ 1871లో చెప్పిన సూత్రము నేటికిని వాడుకలో నున్నది. దాని తాత్పర్యము సులభము. ఒక సంవత్సరమును మూలముగా గైకొని, ఆ యేట ఒక కుటుంబము ఏయే వస్తువునకు ఎంత ఖర్చు చేసినదో వ్రాసికొనవలెను. అదియే బుట్ట. తరువాతి కాలమున ఆ బుట్టనే కొనుటకు ఎంత కావలెనో చూడవలెను. మూలసంవత్సరపు ఖర్చు 100 అయినచో, రెండవది సూచిక.

ఊహించిన యొక ఉదాహరణము. ఒక కూలి కుటుంబము నూరు రూపాయలలో తిండికి 60, బట్టలకు 10, వంటచెరకునకు దీపమునకు 10, తక్కిన వానికి 20 ఖర్చు చేయుచున్న దనుకొందము. తిండి ధర సగము పెరిగినది, బట్టల ధర అయిదవవంతు పెరిగినది, వంటచెరకు దీపముల ధర రెట్టింపైనది, తక్కినవి మారలేదు. అప్పుడు ఖర్చు వరుసగా 90, 12, 20, 20, మొత్తము 142. కలిగిన కుటుంబమొకటి తిండికి 20, బట్టలకు 20, వంటచెరకునకు దీపమునకు 5, తక్కిన వానికి 55 ఖర్చు చేయుచున్నచో, అవే ధరల పెంపున వారి మొత్తము 30, 24, 10, 55. అనగా 119 మాత్రమే. బజారు ఒక్కటే, ధరలు ఒక్కటే. ఒకరికి 142, మరియొకరికి 119. కావున సూచిక యెంత అని అడుగుటకు ముందు, బుట్ట ఎవరిది అని అడుగవలెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ధరలు మండిపోగా ఈ లెక్కకు భారతదేశమున అవసరము వచ్చెను. 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు నూటికి 50 పెంపు కోరిరి. యజమానులు 20 మాత్రమే ఇత్తుమనిరి. గాంధీజీ ధరలను, కార్మికుల ఖర్చులను, మిల్లుల స్థితిని విచారించి 35 న్యాయమని చెప్పెను. తుదకు మధ్యవర్తి తీర్పును అట్లే వచ్చెను. బొంబాయిలో 1921లో ఏర్పడిన కార్మిక కార్యాలయము 1914 జూలైని మూలముగా గైకొని జీవనవ్యయ సూచికను ప్రకటింపసాగెను. మద్రాసు నగరమునకు 1935–36 మూలముగా సూచిక వచ్చెను. మన ప్రాంతమున విశాఖపట్నమునకును సూచిక లెక్కింపబడెను. రెండవ ప్రపంచయుద్ధమున కరవుభత్యము అను మాట ఇంటింట వ్యాపించెను. 1946లో సిమ్లాలో లేబర్ బ్యూరో నెలకొల్పబడెను. పరిశ్రమల కార్మికుల సూచికకు 1949, 1960, 1982, 2001, 2016 సంవత్సరములు వరుసగా మూలములైనవి.

మూలసంవత్సరమును మార్చుట కేవలము గుమాస్తాల పని కాదు. 2001 బుట్టలో తిండికి నూటికి సుమారు 46 పాళ్లుండగా 2016 బుట్టలో 39 పాళ్లకు దిగెను. ఇంటి అద్దె, చదువు, వైద్యము, ప్రయాణము మొదలైన వాని పాలు పెరిగెను. కాలము మారినపుడు బుట్టను మార్చకున్నచో, తాత ధోవతి కొలతతో మనుమనికి చొక్కా కుట్టినట్లగును. వ్యవసాయకూలీల సూచిక విషయమున ఇట్టిదే జరిగినది. 1986–87 నాటి బుట్ట ముప్పది యేండ్లకు పైగా మారక నడచినది. కనీసవేతనముల సవరణలు ఆ సూచికను ఆధారముగా చేసికొన్నవి కాబట్టి, ఆ ఆలస్యపు భారము పొలమున నిలిచి పనిచేయువారి మీద పడినది.

పొందూరు రాట్నము

కడుపు లెక్కతో మొదలుపెట్టి కచేరి లెక్కను దానికి లోబరచిన ప్రయత్నమొకటి కలదు. అది ఖద్దరు చరిత్రలోనిది, పొందూరు వడుకరులకు సంబంధించినది.

పొందూరు సన్ననూలునకు ప్రసిద్ధి. అచ్చటి స్త్రీలు గింజపత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. పిదప గింజ తీసి, దూది యేకి, ఏకులు చుట్టి, వానిని అరటిడొప్పలో నుంచి ఒంటికదురు రాట్నముపై నూరు నెంబరు, అంతకు మించిన నూలు వడుకుదురు. నూలు ఎంత సన్ననైన అంత ఎక్కువ కాలము పట్టును. గంటకు వచ్చు నూలు బరువు చూచిన తూకపురాయి కదలదు. బట్ట మాత్రము రాజసభలకు తగినది. ఇట్టి పనికి కూలి నిర్ణయించుట యెట్లు? బజారున మరనూలుతో పోటీపడి నిర్ణయించినచో వడుకు స్త్రీకి గంజి మెతుకులు కూడ రావు.

అఖిలభారత చరఖాసంఘము 1925లో స్థాపితమయ్యెను. పదియేండ్లు అది ఖద్దరును చౌకగా నమ్మవలెనన్న యత్నముననే నడచెను. అమ్మకము పెరిగెను, వడుకు కూలి మాత్రము తక్కువగనే యుండెను. 1935లో గాంధీజీ ఈ తీరును ప్రశ్నించెను. బీదల కొరకు పుట్టిన సంస్థ బీదల కూలిని తగ్గించి కొనువారికి చౌక చేయుట ధర్మమా యని ఆయన యోచన. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు రావలెనని, స్త్రీ పురుషులకు భేదము కూడదని ఆయన ఆశయము. ఆ సంవత్సరము అక్టోబరులో వార్ధాలో చేరిన చరఖాసంఘ కార్యవర్గము ఒక తీర్మానము చేసెను. ఎనిమిది గంటలు సమర్థముగా వడికిన వారికి శాస్త్రీయముగా నిర్ణయింపబడిన కనీసపు ఆహారమును, ఏటికి ఇరువది గజముల బట్టయు లభించునంత కూలి ఉండవలెననునది దాని సారాంశము. ఎనిమిది అణాల ఆశయము అందరాని దగుటచే మూడణాల ప్రమాణముతో ఆచరణ మొదలయ్యెను.

ఇందలి క్రమమును గమనింపవలెను. బజారు ధర యెంత, అందులో కూలికి ఎంత మిగులునని చరఖాసంఘము లెక్క వేయలేదు. బ్రదుకుటకు ఎంత కావలెనని ముందు లెక్క వేసి, దానినుండి బట్ట ధరకు వచ్చెను. ధర పెరిగెను. అమ్మకము తగ్గునని కార్యకర్తలు భయపడిరి. ఆ భయము నిరాధారము కాదు. అప్పుడు సంఘము చేయవలసినది రెండే. వడుకరుల నేర్పును పరికరములను బాగుచేసి గంటకు వచ్చు నూలును పెంచుట ఒకటి. రవాణా, నిర్వహణ, నిలువల ఖర్చులను తగ్గించుట రెండవది. కూలి మీద కత్తెర వేయుదారి మూసికొన్నందున, తెలివి ఇతర దారులను వెదకవలసి వచ్చెను. వ్యయ నియంత్రణమునకు నిజమైన పరీక్ష యిదియే. కూలిని తగ్గించి లాభము చూపుట ఎవనికైనను చేతనగును.

స్వాతంత్ర్యానంతరము పొందూరులో 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము వెలసినది. ఖాదీ గ్రామోద్యోగ కమిషను 1957లో ఏర్పడినది. బట్ట ధరలో పత్తి యెంత, వడుకెంత, నేత యెంత, నిర్వహణ యెంత అని పాళ్లు కట్టు పద్ధతి స్థిరపడినది. కమిషను వడుకు కూలిని అప్పుడప్పుడు పెంచుచు వచ్చినది. లడి కిచ్చు సాధారణపు కూలి 2023 ఏప్రిల్‌లో 7 రూపాయల 50 పైసల నుండి 10 రూపాయలకును, 2024 అక్టోబరులో 12 రూపాయల 50 పైసలకును పెరిగినది. పెంపు మంచిదే. కాని 1935 నాటి ప్రశ్న వేరు. ఎనిమిది గంటలు కూర్చున్న స్త్రీకి ఎన్ని లడులు వచ్చును, ఆ రొక్కమునకు ఎంత బియ్యము వచ్చునని ఆ ప్రశ్న. లడికి కూలి చెప్పిన మాత్రమున దానికి సమాధానము రాదు.

కొలతకు శాసనబలము

శాస్త్రీయమైన ఆహారపు కొలత యెక్కడిది? కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు 1935 నుండి పదియేండ్లు డాక్టర్ అయ్‌క్రాయిడ్ అధ్యక్షుడుగా నుండెను. భారతీయుని సమతులాహారమును ఆయన లెక్కకట్టెను. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది.

1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభ ఆ కొలతను గైకొని కనీస వేతనమునకు ప్రమాణము కట్టెను. కుటుంబమునకు ముగ్గురు పూర్ణభోక్తలు. ఒక్కొక్కరికి దినమునకు 2,700 క్యాలరీల ఆహారము. కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట. ఇంటి అద్దె. వంటచెరకు, దీపము మొదలైన వానికి మొత్తము వేతనములో నూటికి ఇరువది పాళ్లు. ముగ్గురు పూర్ణభోక్తలనగా కార్మికుడు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. పిల్లల పాలు పెద్దవారి పాలుకంటె తక్కువగా లెక్కింతురు. కౌటిల్యుడు స్త్రీలకు పాదము తగ్గించి పిల్లలకు సగము చేసిన లెక్కకు ఇది దూరపు చుట్టము. 1991లో సర్వోన్నత న్యాయస్థానము పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము, వివాహములు మొదలైన వానికై మరి నూటికి ఇరువదియైదు పాళ్లు చేర్చవలెనని తీర్పు చెప్పెను. మనుష్యుడు తిని బట్ట కట్టుటకు మాత్రమే పుట్టలేదని న్యాయపీఠము అంగీకరించినట్లయ్యెను.

కత్తెర ఎక్కడ పడవలెను

సంస్థల వ్యయమును శాస్త్రరీత్యా కొలుచు విద్యయు ఈ కాలముననే పెరిగినది. భారతదేశమున వ్యయగణకుల సంస్థ 1944లో ఏర్పడి, 1959లో శాసనబద్ధమయ్యెను. ఆ విద్య చెప్పునది చిన్న సంస్థలకును పనికివచ్చును. ముందుగా అంచనా వేయవలెను. నెలనెలకు అసలు ఖర్చును అంచనాతో సరిచూడవలెను. తేడా వచ్చినచోట, ధర పెరుగుటచే వచ్చినదా, వాడకము పెరుగుటచే వచ్చినదా యని విడదీయవలెను. ధర పెరిగినచో నిర్వాహకుని తప్పు లేదు. వాడకము పెరిగినచో విచారింపవలెను. ఈ రెండును కలగలిపి చూచువాడు నిర్దోషిని శిక్షించును, దోషిని మన్నించును.

సూచిక సంస్థకు కూడ ఇచ్చటనే ఉపకరించును. ధరలు నూటికి పది పెరిగిన యేట ఒక సంస్థ ఖర్చు నూటికి పది పెరిగినచో అది దుబారా కాదు. ఖర్చు పెరుగలేదని గర్వించు సంస్థ ఎవరి కడుపునైనను కోసియుండవచ్చును. పదియేండ్లు జీతము మారని నౌకరు పదియేండ్లును జీతము తగ్గుచు వచ్చిన నౌకరే. నాణెముల సంఖ్య మారలేదు, గింజల సంఖ్య తగ్గినది.

చరిత్రలో చూచిన ఉదాహరణములను ప్రక్కప్రక్కన నుంచినచో ఒక క్రమము కనబడును. అఖండదీపపు దాత కాపరి బ్రదుకును మూలధనములోనే చేర్చెను, దీపము నిలిచినది. చరఖాసంఘము కూలిని ముందు నిర్ణయించి తక్కిన ఖర్చును తగ్గించు దారి పట్టెను, కష్టపడినను దాని న్యాయము నిలిచినది. టెంపుల్ గారు కూలితోనే తగ్గింపు మొదలుపెట్టెను, కచేరి లెక్క సరిపోయినది, జనులు పోయిరి. కావున ఖర్చు తగ్గింప దలచినవారు మొదట వృథాను, తరువాత ఆలస్యమును, ఆ తరువాత అనవసరపు దర్పమును వెదకవలెను. అడుగున నున్నవాని బత్తెమును మాత్రము తూచి చూచిన పిదప గాని తాకరాదు, తూచి చూచినవాడు సామాన్యముగా తాకడు.

ఇట్టి తూనికకు పెద్ద కార్యాలయమే కావలెనని లేదు. ఊరి గ్రంథాలయమున ఒక పుస్తకము చాలును. ప్రతి నెల మొదటి సంతనాడు బియ్యము, కందిపప్పు, నువ్వులనూనె, ఉప్పు, మిరపకాయలు, వంటచెరకు, ముతకబట్ట, పలక, మందుబిళ్ల, బస్సు టిక్కెట్టు ఈ పదింటి ధరలను వరుసగా వ్రాయవలెను. దాని ప్రక్కనే ఆ నెల నాటుకూలి, కోతకూలి ఎంతో వ్రాయవలెను. పాతిక యేండ్లు విడువక వ్రాసినచో, ఎచ్చెర్ల పాఠకులకు ఏ రాజధానియు పంపజాలని చరిత్రగ్రంథము తమ బీరువాలోనే సిద్ధమగును. అప్పుడు ధరలు పెరిగినవని యన్నవానిని ఎంత, ఎవరికి, ఎన్నటినుండి అని యడుగగా, వాడు ఆ పుస్తకమును తెరచి చూపగలడు.